మొండి కారు బొమ్మ

ముత్తుకూరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన, ఉప్పుకాలువకు దగ్గరలో ఒక మోటారు రిపేరు షెడ్డు. తడిక అవతల కాపురం. 1962 వేసవి, పొద్దు వాలుతోంది. మెకానిక్కు హెబ్రోను, అతని భార్య ప్రేమలీల.

"ఊదబాక. ఊదితే టంకం పగులుద్ది."

"ఊదలా. ఊపిరి పీల్చుకున్నా. అది కూడా కూడదా?"

"పక్కకు తిరిగి పీల్చుకో. ఈ గొట్టం ఒక్కటి నిలబడిందంటే అయిపోయినట్టే. పెద్దింటి చిన్నయ్య కారుకు పొగ గొట్టాలు ఇట్టనే బయటికుండేవి, చేప పక్కటెముకల మాదిరి."

"అవి గొడుగు కమ్ములు గదయ్యా."

"గొడుగు కమ్ములే."

"మన గొడుగు కమ్ములా?"

"వానలు పడినప్పుడు చూస్తాంలే."

"సీటుకు వేసిన తోలు యాడిది?"

"యాడిదో ఒకటి."

"మా నాయన ఇచ్చిన బైబిలు అట్ట అది. నేను గుర్తుపట్టలేననుకున్నావా? మూల కాడ పురుగు తిన్న మచ్చ కూడా అట్టనే ఉండాది."

"అట్టే గదా తీసింది. లోపల వాక్యం భద్రంగా ఉండాది. గుడ్డ కట్టి పెట్టినా చూడు."

"పాస్టరుగారికి చెప్తా."

"చెప్పు. ఆయన మోటారు సైకిలు కూడా నేనే బాగు చెయ్యాల. లీలా, ఆ పట్టుకారు ఇట్టా అందించు. అది కాదు, సన్నది. ఆఁ."

"ముందు చక్రాలు చిన్నవైపోయినాయే. కొలత తప్పినావా?"

"తప్పలా. ముందువి చిన్నవి, వెనకవి పెద్దవి. ఎద్దు కుమ్మబోయే ముందు తల వంచుద్ది చూడు, అట్టా ముందుకు వంగి ఉండాల. అదే దాని అందం. చిన్నయ్య మద్రాసు నుంచి అమెరికా పుస్తకం ఒకటి తెచ్చినాడు, అందులో బొమ్మ చూపించి, హెబ్రోనూ, దొరలు వదిలిపొయ్యిన మన పాత కారును ఇట్టా చెయ్యాల అన్నాడు. టాపు కోసేసినాం. మడ్గార్డులు పీకేసినాం. బానెట్టు తీసి పారేసినాం. ఇంజను బయటికే. ఊళ్లో వాళ్లు చూసి ఏం మిగిల్చినార్రా దీనికి, మొండెం తప్ప అన్నారు."

"మొండి కారు."

"ఆ పేరు పెట్టింది పిచ్చమ్మవ్వ. చిన్నయ్యకు అది కూడా నచ్చింది. ఇప్పుడు దీన్ని చూడు. అసలు కారులో అడుగుండేది ఇందులో అంగుళం. కిరసనాయిలు డబ్బా రేకు, సైకిలు ట్యూబు, పాత దీపం ఇత్తడి. యాడా ఒక్క గీత తప్పలా. చక్రం తిప్పు. వేలితో, మెల్లిగా. చూసినావా, ముందు చక్రాలు కూడా తిరుగుతాయి."

"తిరుగుతా ఉండాయి. ఆ పక్కన ఎర్రంగా మంటలెందుకు పూసినావు?"

"కారుకు ఉండినాయి గదా. లారీలకు రంగులేసే ఆయన చేత చిన్నయ్యే వేయించినాడు."

"వేయించుకున్నాడు, పొయ్యినాడు."

"నోరు మంచిది చేసుకో."

"ఏమయ్యా. ఈ స్టీరింగు చక్రం."

"దానికేం?"

"ఇది గాజు గదా. నల్ల గాజు."

"సరిగ్గా సరిపొయ్యింది. వేరే దేంతో వంచినా ఆ గుండ్రం రాలా."

"పాప గాజు."

"పాపకు బిగువైందని నువ్వే తీసి గూట్లో పడేసినావు."

"పడేయలా. దాచిపెట్టినా. చచ్చిపొయ్యినోడి కారులో పాప గాజు పెడతావా? తియ్యి. ఇప్పుడే తియ్యి."

"తీస్తే విరుగుద్ది. అయినా దిష్టికి నల్ల గాజులేసేది మన సంఘంలో ఉందా? ప్రార్థన చేసుకునే ఇంట్లో అవన్నీ ఎందుకని పోయిన ఆదివారం కూడా చెప్పినారు."

"వాళ్ల బిడ్డలు రాత్రంతా ఉలిక్కిపడి లేస్తే తెలుస్తుంది వాళ్లకు. మొన్న పాప కళ్లు తేలేసింది. నువ్వు ఈ బొమ్మ ముందర కూర్చోనుండావు. పిలిస్తే పలకలా."

"పలికినా గదా."

"పలకలా. టంకం అన్నావు. బిడ్డకు కళ్లు తేలేస్తే టంకం అన్నాడు మనిషి."

"ఈ పొద్దుతో అయిపోతుంది లీలా. రేపు చిన్నయ్య సంవత్సరీకం. పటం ముందర ఆయనకు ఇష్టమైనవన్నీ పెడతారు. కామాక్షమ్మగారు నన్ను పిలిపించి ఏమన్నారు? హెబ్రోనూ, నా బిడ్డకు ఇష్టమైంది ఆ కారొక్కటే, దాన్ని మా ఆయన కోపంతో ముక్కలు చేయించి పాతసామాన్ల వాడికి తోలించేసినాడు, నువ్వు చేత్తో చేసిందే గదా, చిన్నది చేసియ్యి అన్నారు. కన్నతల్లి. ఎట్టా కాదంటా?"

"చేసియ్యి. కాదన్నానా? కొత్తప్పుడు ఎట్టుండిందో అట్టా చేసియ్యి. ఈ సొట్ట ఎందుకు? ఈ పక్క అద్దం పగలగొట్టింది ఎందుకు?"

"ఆమె అట్టనే అడిగింది. నా బిడ్డ ఎక్కిన దినం ఎట్టుండిందో అట్టనే కావాల, యాడ ఊడిందో నేను చూడాల అనింది."

"తల్లులు అట్టాటివి చూడకూడదు."

"నీకు తెలుసా తల్లుల సంగతి?"

"ఏడాదిగా తెలుసు. ఇదేంది ఈడ? మిగతాదంతా ఇంత నున్నగా చేసి, ఈ చక్రం ఎనకాల తీగ చుట్టినావే మోటుగా."

"ఆ దినం ఆడ తీగే ఉండింది."

"కారులోది ఏదో సామాను పొయ్యిందన్నారే, అది ఉండాల్సింది ఈడేనా?"

"ఊఁ."

"ఎట్టుంటది అది? ఏడాదిగా అందరూ సామాను సామాను అనేదే గానీ, నాకు ఎవరూ—"

"నీకెందుకు? నట్టు, బోల్టు, ఏదో ఒకటి. కామాక్షమ్మగారి పనిమనిషి మాలకొండమ్మ వచ్చే వేళయింది. పడక మీద దుప్పటి మార్చొద్దా? నేను పాపను ఎత్తుకుంటా, నువ్వు—"

"వద్దు. పడక నేను చూసుకుంటాలే. నువ్వు ముట్టుకోబాక. పాప లేస్తుంది."

"సరే. ముట్టుకోను."

"ఎవురది వాకిట్లో?"

"నేనేనమ్మాయ్, మాలకొండమ్మను. మీ ఆయన అయిపోగొట్టినాడా? అమ్మగారు బండి పంపించినారు."

"రా అత్తా. ఆ పీట మీద కూర్చో. మంచినీళ్లు తాగుతావా?"

"నీళ్లెందుకులే. అయ్యో తల్లీ. ఏందిది హెబ్రోనయ్యా. కారే గదా ఇది. పుట్టి పొడుగు పెరగని కారు."

"ముట్టుకోబాక మాలకొండమ్మా. మంటల రంగు ఆరలా. నేను బావి కాడికి పొయ్యి చేతులు కడుక్కోనొస్తా. సబ్బుకు కూడా పోదు ఈ మసి. లీలా, ఎవరూ ముట్టుకోకుండా చూడు."

"చూస్తాలే పో."

"పొయ్యినాడా? ఏమ్మే, నువ్వేంది ఇంత చిక్కిపొయ్యినావు? కళ్ల కింద నలుపు."

"నిద్ర లేదత్తా. పాప రాత్రిపూట ఉలిక్కిపడుద్ది. ఎవరో పిలిచినట్టు తల తిప్పుద్ది. చెయ్యి పట్టుకోనే కూర్చుంటా తెల్లారిందాకా."

"ఆ దినాల్లో పుట్టిన బిడ్డ గదా. చిన్నయ్య పోయే వారం ముందరేమో పుట్టింది. దీపాలు పెట్టే వేళ ఎత్తుకోని కాలవ గట్టుకు పోబాక."

"పోను. గడప కూడా దాటించను."

"ఇనుము పెట్టినావా దిండు కింద?"

"మెల్లిగా అత్తా."

"పెట్టినావా లేదా?"

"పెట్టినా. పుట్టిన మర్నాడే పిచ్చమ్మవ్వ చెప్పింది, ఇనప ముక్క లేకుండా బాలింత మంచం ఉండకూడదని. కత్తి పెట్టమనింది. కత్తంటే నాకు భయం, బిడ్డకు తగులుతుందేమోనని. కొడవలి అసలే వద్దు. వారం దినాలు వెతకంగా మొద్దుగా ఉండేది ఒకటి చిన్నది దొరికితే పెట్టినా. అప్పటినుంచీ అదే. ఆయనకు తెలీదు. తెలిస్తే సంఘంలో నలుగురి ముందర నిలబెడతారు మమ్మల్ని."

"నేనెందుకు చెప్తా? ఏ దేవుడైనా బిడ్డ బతకాల. ఉంచు. మూడేళ్లు నిండిందాకా తియ్యబాక."

"తీస్తానా? అదుండబట్టే ఈ మాత్రం."

"మీ ఆయనొస్తా ఉండాడు. ఏం హెబ్రోనయ్యా, మసి పొయ్యిందా?"

"పోలా. ఏమంటా ఉండారు మీరిద్దరూ?"

"ఆడోళ్ల మాటలు. అది సరే, అమ్మగారు అడగమన్నారు. ఆ ఊడిన చోటు చేసినావా?"

"చేసినా."

"చూపించు. ఆమె నన్ను అడుగుద్ది, చూసినావా మాలకొండా అని."

"ఇదిగో. ఇట్టా వంగు. ఈ రాడ్డు ఉండాదే, దీని కొన ఈ చక్రానికి తగులుకోనుంది. స్టీరింగు తిప్పితే ఈ రాడ్డు లాగుద్ది, చక్రం తిరుగుద్ది. ఈ కొన ఊడిపోకుండా నట్టు. నట్టు వదులు కాకుండా పిన్ను ఉండాల. పిన్ను లేక తీగ చుట్టినా."

"తిప్పి చూడనా?"

"వేలితో. ఒకసారి ఇటు. ఇంకోసారి అటు. ఇంకా గట్టిగా, మలుపు కాడ తిప్పినట్టు."

"అయ్యో. ఊడిపొయ్యింది. నేనేం చెయ్యలా."

"నువ్వేం చెయ్యలా. ఊడాల్సిందే అది. ఉప్పుకాలవ మలుపు కాడ అట్టనే ఊడింది. ఇప్పుడు గాజును ఎంత తిప్పినా చక్రం వినదు. దాని దారిన అది పోతా ఉంటుంది."

"తిప్పుతానే ఉన్నాడంట చిన్నయ్య. కాలవలోనుంచి తీసినప్పుడు కూడా చేతులు దాన్ని పట్టుకోనే ఉండినాయంట. వద్దు హెబ్రోనయ్యా, మళ్లీ తగిలించు దాన్ని."

"తగిలిస్తా. ఆ దినం పొద్దున్నే నేను చెప్పినా మాలకొండమ్మా. నువ్వు కూడా విన్నావు. పిన్ను కనపడలా, తీగ చుట్టినా, నెల్లూరు పొయ్యి పిన్ను తెచ్చిందాకా ఎక్కబాకండయ్యా అని. నవ్వినాడు."

"విన్నా. అందరం విన్నాం. నీ మీద ఎవరికీ మాట లేదు. ఆ పిన్ను తీసినోడి మీదనే. రంగనాయకులును మధ్యాన్నం నుంచి గొడ్ల కొట్టంలో కూర్చోబెట్టినారు."

"రంగనాయకులన్ననా? ఎందుకత్తా?"

"నీకు తెలీదా? పెద్ద ఇంట్లో పన్నెండేళ్లు డ్రైవరుగా ఉండినాడు. మొండి కారు వచ్చినాక చిన్నయ్య నువ్వు ముసలోడివైనావు పొమ్మన్నాడు. ఆ కడుపుమంటతో ఆ దినం పొద్దున్నే షెడ్డు కాడికొచ్చి పిన్ను తీసేసినాడని. నీ మొగుడే గదా చెప్పింది."

"నువ్వు చెప్పినావా?"

"వచ్చినాడని చెప్పినా. నట్లు పెట్టుకునే పళ్లెం పక్కన నిలబడినాడని చెప్పినా."

"సంవత్సరీకానికని ఈ పొద్దు కోట ఊరి నుంచి పెద్దయ్య బామ్మర్ది మనుషులను తోలుకోనొచ్చినాడు. చవుకు తోపు కాడ నలుగురు కూర్చోనుండారు, మాటా పలుకూ లేకుండా. అన్నం ఆడ పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేసినా. అమ్మగారు ఏమన్నారంటే, కారు వస్తుంది, పటం ముందర పెడతాం, హెబ్రోను దాని మీద చెయ్యి పెట్టి ఎవరు తీసినారో చెప్తాడు. వాక్యం చదివే మనిషి, అబద్ధం చెప్పడు. ఆ మాట కోసమే పెద్దయ్య ఆగినాడు. లేకపోతే పొద్దుగూకక ముందే తోపులోకి తీసకపొయ్యేవాళ్లు."

"తీసకపొయ్యి?"

"ఏముందమ్మాయ్. పోయిన యేడు ఉప్పు కొఠారు కాపలావాడిని తీసకపొయ్యినారు. మళ్లా ఎవరన్నా చూసినారా?"

"కామమ్మక్క యాడుంది?"

"రంగనాయకులు పెండ్లామా? గేటు కాడ పడుంది, పిలకాయలను ఏసుకోని. మా ఆయన పిన్ను మొహం కూడా చూడలేదమ్మా అని ఏడుస్తా ఉంది. పిన్ను యాడ దాచినావురా అని అడిగితే రంగనాయకులుదీ ఒకటే మాట, నాకు తెలీదని. కొట్టంలో వాళ్లు గుచ్చి గుచ్చి అడిగినారు. వేలంత ఉంటుందంట—"

"ఆ మాటలిప్పుడెందుకు మాలకొండమ్మా. బండి యాడ నిలబెట్టినావు?"

"ఉండు చెప్పనీ. వేలంత ఉంటుందంట, తల గుండ్రంగా సూది కంతలాగా, కింద రెండు కాళ్లంట—"

"లీలా, పాప లేచినట్టుంది. పో."

"లేవలా. ఎన్ని కాళ్లన్నావత్తా?"

"రెండు. దూర్చినాక విడదీస్తారంట, ఊడకుండా. అట్టాటిది పాత గుడ్డల్లో కూడా దొరకలా వాళ్ల ఇంట్లో. నేల తవ్వినారు."

"ఇనపదా?"

"ఇనపది కాక వెండిదా? ఏమ్మే, అట్టా తెల్లబోతా ఉండావు?"

"ఏం లేదు. నిద్ర లేదు గదా."

"దాని మొహం అంతే మాలకొండమ్మా. ఎవరికి దెబ్బ తగిలిందన్నా ఇదే మొహం. నువ్వు పొయ్యి బండిని రోడ్డు మీదికి తిప్పించు. గుంటలో దిగితే బొమ్మ అదిరిపోద్ది. నేను చొక్కా తొడుక్కోనొస్తా."

"సరే. గడ్డి వేయిస్తా అడుగున. తొందరగా రా నాయనా, చీకటి పడితే ఆ తోపు పక్కన రావాలంటే నా వల్ల కాదు."

"వస్తా ఉండా. లీలా, చొక్కా."

"విన్నావా?"

"విన్నా."

"నీ మాట కోసం ఆగినారంట."

"తెల్ల చొక్కా యాడ పెట్టినావు?"

"తీగ మీదుంది. రంగనాయకులన్న తీసింది నువ్వు చూసినావా?"

"ఆ దినం పొద్దున్నే ట్యూబు అతికించమని వచ్చినాడు. పళ్లెం పక్కనే నిలబడినాడు. ఇంకెవరూ రాలా."

"నేనొచ్చినా."

"నువ్వు రాలా."

"నీకు గంజి తెచ్చినా. తడిక తోసుకోని వచ్చేసరికి నువ్వు రోడ్డు మీద రంగనాయకులన్నతో మాట్లాడతా ఉండినావు. గంజి గిన్నె పళ్లెం పక్కనే పెట్టినా, అప్పుడే—"

"గంజి పిచ్చమ్మవ్వ తెచ్చింది."

"పిచ్చమ్మవ్వ కాదు. నేను."

"నువ్వు పచ్చి బాలింతవు. మంచం దిగలా. ఊరందరికీ తెలుసు ఆ మాట."

"దిగినా."

"దిగలా, లీలా."

"ఏందయ్యా నువ్వు? నా కాళ్లు నాకు తెలీదా? కూర్చో. చొక్కా తర్వాత తొడుక్కుందువు. కూర్చో ఈడ."

"బండి నిలబడింది."

"నిలబడనీ. నాకు పాలు పడలేదు గుర్తుందా? బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పొయ్యింది. ఎవరొచ్చినారు? వాళ్ల పిలగాడిని పక్కన పడుకోబెట్టి మన పాపకు పాలిచ్చింది కామమ్మక్క. మీరు కులం పోగొట్టుకున్నోళ్లు అని వాళ్ల అత్త తిడతా ఉంటే కూడా ఇచ్చింది. ఆమె మొగుడు. ఆమె మొగుణ్ణి తోపులోకి తీసకపోతారు."

"తెలుసు."

"తెలిసి పోతా ఉండావా?"

"చొక్కా ఇవ్వు."

"ఒక పని చెయ్యి. ఆ తీగ తీసెయ్. చిన్న పిన్ను చేసి దూర్చు. ఎంతసేపు పడుద్ది నీకు? అంతా బాగానే ఉండిందమ్మా, మలుపు కాడ జోరు ఎక్కువై పొయ్యినాడు, ఎవరి తప్పూ లేదు అని చెప్పు."

"తీగ చుట్టింది అందరూ చూసినారు."

"ఏడాదైంది. మర్చిపొయ్యినామంటారు."

"తల్లి మర్చిపోదు. నేను ఒక్క చోట తప్పు చేస్తే ఆమె పట్టుకుంటుంది. ఈ సొట్ట చూడు. ఆయన పోయే ముందు దినం ఆమె బిందె పడి అయిన సొట్ట. ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఎందుకు చేసినా దాన్ని? గొడుగు విప్పి, బైబిలు అట్ట కోసి, పాప గాజు తీసి, కళ్లు పోగొట్టుకోని ఇంత సరిగ్గా ఎందుకు చేసినాననుకుంటా ఉండావు?"

"పిచ్చి పట్టి."

"ఇంత సరిగ్గా చేసినోడు మాట కూడా సరిగ్గానే చెప్తాడని నమ్ముతారు. అందుకు."

"అంటే. అంటే నీ మాట సరైంది కాదని నీకే తెలుసా?"

"నేనట్టా అనలా."

"రంగనాయకులన్న కాదని నీకు అనుమానం ఉండాదా?"

"నాకు అనుమానం లేదు. వాళ్లకు ఒక పేరు కావాల, లీలా. పేరు చెప్తే ఆడితో ఆగుతారు. చెప్పకపోతే వెతుకుతారు. ఈ షెడ్డు వెతుకుతారు. తడిక దాటి ఇల్లు వెతుకుతారు. పాత్రలు, పెట్టె, పడక."

"పడక."

"ఊఁ."

"తెలీక చేసిన పని అయితే? ఊరికే, తెలీక, ఏదో ఒక పిచ్చి ఆడది—"

"తెలిసి చేసినారా, తెలీక చేసినారా అని చవుకు తోపులో అడగరు."

"అయితే నేనొస్తా నీతో. కామాక్షమ్మగారు ఆడమనిషి. బిడ్డను పోగొట్టుకున్నామె. బిడ్డ కోసం చేసిందంటే ఆమెకు అర్థమవుద్ది."

"ఆమె బిడ్డ చచ్చిపొయ్యినాడు. నీ బిడ్డ బతికుంది. అదే అర్థమవుద్ది ఆమెకు."

"అట్టని రంగనాయకులన్నను చంపిస్తావా?"

"మెల్లిగా మాట్లాడు."

"హెబ్రోనయ్యా, గడ్డి వేయించినా. వస్తా ఉండావా? ఎద్దులు నిలబడడం లేదు."

"వచ్చినా మాలకొండమ్మా. ఒక్క నిమిషం. గుడ్డ కప్పతా ఉండా."

"పోబాక. పోబాకయ్యా, నీకు దణ్ణం పెడతా. నేను ఒక మాట చెప్పాల. నువ్వు కొట్టు, తిట్టు, సంఘంలో నిలబెట్టు, ఏమైనా చెయ్యి. చెప్పకపోతే ఈ బిడ్డను ఎత్తుకున్నప్పుడల్లా నాకు కామమ్మక్క గుర్తొస్తుంది. పాప దిండు కింద—"

"పాప దిండు కింద ఏమీ లేదు."

"ఉండాది. నీకు తెలీదు. నేను పెట్టినా."

"లీలా."

"కత్తంటే భయమేసింది. మొద్దుగా ఉండేది ఏదన్నా చాలని నీ పళ్లెంలో—"

"నోరు మూసుకో. ఆమె వాకిట్లోనే ఉంది. నేను పొయ్యినాక దాన్ని తియ్యబాక, పారెయ్యబాక, కాలవ దిక్కు అసలే పోబాక. ఎవరైనా చూస్తారు. పాప దాని మీదనే పడుకోని ఉండనీ. ఇన్నాళ్లూ అట్టనే ఉంచినా."

"ఉంచినావా? నువ్వు ఉంచినావా?"

"చిన్నయ్యను కాల్చి వచ్చిన దినం పాపను ఎత్తుకుంటా దాన్ని చూసినా. అంతకు ముందు ఎప్పుడన్నా, ఎవరి కాడన్నా, నా నోట రంగనాయకులు పేరు వచ్చిందా?"